నాలుగో జత చేతులు

మా ఇల్లు మాది కాదు, మిల్లుది. నాలుగు జతల చేతులు మిల్లుకి పంపే కుటుంబానికే బాబిన్ వీధిలో ఇల్లు. మూడు జతలైతే వెనక సందులో ఒంటి గది, అదీ ఖాళీగా ఉంటే. ఈ నియమం ఏ కాగితం మీదా ఉండదు. వీధిలో ముప్ఫై ఆరు ఇళ్లున్నాయి. ఏ ఇంట్లో పిల్లనడిగినా చెబుతుంది.

ఆ ఏడు పెంతెకొస్తు పండక్కి వారం ముందు మా అన్న రూబెన్ ఇంట్లో చెప్పకుండా సైన్యంలో చేరిపోయాడు. దాంతో మూడు జతలు మిగిలాయి. మగ్గాల మేస్త్రీగా నాన్నవి, నాలుగు మగ్గాలు నడిపే అమ్మవి, మూడు నడిపే నావి. చెల్లెలు లేయాకి పదకొండేళ్లు. సగం పూట మిల్లు, సగం పూట బడి. సగం పూట చేతులు ఇంటి లెక్కలోకి రావు. పైగదిలో అద్దెకున్న తిర్సా మా షెడ్డులోనే నేస్తుంది గానీ, పరాయివాళ్ల చేతులూ లెక్కలోకి రావు.

మేనేజరు డక్‌వర్త్ నాన్నని ఆఫీసు గదికి పిలిపించాడు.

"పండగ వెళ్లేలోగా నాలుగో మనిషి రావాలి జేబెజ్. లేకపోతే తాళంచెవి రావాలి."

ఆ సాయంత్రం టీ తాగాక నాన్న పొయ్యి పైన ఉన్న రేకు పెట్టె దించాడు. అందులోంచి మడత నలిగిన కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. చాపెల్‌లో ఇచ్చిన బాప్తిస్మం కాగితం.

"తేదీ చదువు కెజ్జీ."

లేయా ఎంట్విసిల్ అని పేరు. ఆ తేదీ లెక్కన పదమూడేళ్ల నాలుగు నెలలు. ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. మళ్లీ చదివాను. అది మా లేయా కాగితం కాదు. అంతకు ముందు పుట్టి, రెండేళ్లకే పొంగు జ్వరంతో పోయిన లేయాది. అది పోయిన నెలకి ఇది పుట్టింది. పేరు వృథా పోకుండా దీనికి పెట్టారు. మా వైపు చాలా ఇళ్లలో అలాగే పెడతారు.

"పదమూడు నిండితే పూర్తి పూట," అన్నాడు నాన్న. "కాగితం దొంగది కాదు. పేరూ దొంగది కాదు."

"పిల్ల?" అంది అమ్మ.

"పిల్ల కూడా మనదే కదా నవోమి."

అమ్మ బల్ల తుడవడం మొదలెట్టింది. బల్ల అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఆ కాగితం మట్టిలో ఉన్నదానిది. దానికంటూ మిగిలింది అదొక్కటే," అంది.

నాన్న బైబిలు తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. నలుగురం చేతులు పెట్టాం. అన్నిటికన్నా కింద లేయా చెయ్యి ఉంది.

"ఈ సంగతి ఈ ఇంట్లో ఎవరి గొంతులోంచీ రాకూడదు," అన్నాడు. తర్వాత కళ్లు పైకెత్తి తిర్సా గది వైపు చూశాడు. "మధ్యలో ఉన్నది చెక్క. అది కూడా పలక మందమే."

అప్పట్నుంచీ ఆ ఒక్క సంగతికి మాత్రం మేం పెదవి మాట వాడాం. నాలుగు వందల మర మగ్గాల మధ్య పొద్దస్తమానం నిలబడేవాళ్లకి గొంతుతో పని లేదు. పెదవులు పెద్దగా కదిపి, మొహం ఎదటివాళ్ల వైపు పెడితే చాలు, ముప్ఫై అడుగుల దూరం నుంచి అయినా మాట అందుతుంది. షెడ్డులో అందరం మాట్లాడేది అలాగే. ఇంట్లో వాడటం మాత్రం అదే మొదలు. మా జాగ్రత్త చూసుకుని మాకే గర్వంగా ఉండేది.

*

మిల్లు డాక్టరు లేయా నోరు తెరిపించి పళ్లు చూశాడు.

"పదమూడంటే కాస్త చిన్నదిగా ఉందే."

"మా వైపు ఆడవాళ్లంతా పొట్టివాళ్లే సార్," అన్నాడు నాన్న. మా నాన్నమ్మ ఏ ఇంటికి వెళ్లినా గుమ్మం దగ్గర తల వంచుకునే వెళ్లేది. నేను నేల చూపులు చూశాను. డాక్టరు సంతకం పెట్టాడు.

మగ్గాల కింద దూది ఊడవడం లేయా పని. ఆరింటికి ఇంజన్ మొదలైతే సాయంత్రం ఆరింటికి ఆగుతుంది. మూడో వారానికి రాత్రి భోజనంలో ఓట్స్ జావ గిన్నె మీదే తల వాల్చి నిద్రపోయేది. నాన్న దాన్ని భుజాన వేసుకుని మేడ మీదికి తీసుకెళ్లేవాడు. దిగి వచ్చాక దాని చెక్క బూట్లు తుడిచి పొయ్యి పక్కన పెట్టేవాడు.

జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం లేయా నిలబడే నిద్రపోయింది. ఇనప స్తంభానికి ఆనుకుని, చీపురు చేతిలో పట్టుకుని. టోపీ జారి జడ బయటికి వేలాడింది. జడకీ తిరిగే తోలు పట్టాకీ మధ్య జానెడు దూరం. నేను నా మగ్గం మీద వంగి ఉన్నాను, చూడలేదు. అమ్మ చూసింది. నాలుగు మగ్గాల్నీ వాటి మానాన వాటిని వదిలేసి పరుగెత్తింది. వెనక్కి వచ్చేసరికి రెండు మగ్గాల్లో పేక తెగి, గుడ్డ పాడైంది.

ఆ రోజు నుంచి లేయా జడని ప్రతి పొద్దునా అమ్మే టోపీలోకి దోపి, పిన్నులు గుచ్చేది. ఆ రోజు నుంచే అమ్మ మాట తగ్గింది.

పొద్దున్నే ఐదింటికి ఈనోస్ తాత వచ్చేవాడు. మా వీధినీ, పక్క వీధినీ, స్టేషన్ దగ్గర సత్రంలో దిగినవాళ్లనీ లేపడం ఆయన పని. పొడుగాటి గడకర్ర చివర తీగలు కట్టి మేడ కిటికీల మీద గీకేవాడు. నలభై ఏళ్లు షెడ్డులో పని చేసి బొత్తిగా చెవుడు తెచ్చుకున్నాడు. ఊరినంతా లేపే మనిషికి తన గడ చప్పుడు తనకే వినపడదు. అందుకని కిటికీలో మొహం కనపడేదాకా కదిలేవాడు కాదు. మా ఇంట్లో కిటికీ దగ్గరికి వెళ్లేది అమ్మ. నేను కింద పొయ్యి రాజేస్తూ ఉండేదాన్ని. పైన తీగల గీకుడు, తర్వాత నిశ్శబ్దం, ఆ తర్వాతెప్పుడో మెట్ల మీద అమ్మ అడుగులు.

*

పిల్లల వయసులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు రైలు దిగితే మిల్లుకి ముందే తెలిసిపోయేది. స్టేషన్ దగ్గర చేపలమ్మే ఆవిడ కబురు పంపేది. ఆయన గేటు దగ్గరికి వచ్చేలోపు వయసు చాలని పిల్లలు నూలు బుట్టల కింద చేరేవాళ్లు. బుట్ట మీద కూర్చుని ఎవరో ఒకరు తాపీగా రొట్టె తినేవాళ్లు.

జులై రెండో గురువారం మాత్రం ఆయన ముందు రోజు సాయంత్రమే దిగి, సత్రంలో పడుకుని, ఆరింటికి ఇంజన్‌తో పాటే షెడ్డులో అడుగు పెట్టాడు. వరసలో లేయా కాక పన్నెండు మంది పిల్లలున్నారు. అందులో ఐదుగురికి పదేళ్లు కూడా లేవు. వాళ్లెవరినీ చూడలేదు. తిన్నగా లేయా దగ్గరికి వెళ్లి, భుజం మీద వేలితో తట్టి, పెరట్లోకి నడవమన్నాడు. నన్నూ నాన్ననీ పిలిపించారు.

బయట ఎండలో లేయా కళ్లు చికిలించుకుని నిలబడింది. జుట్టు నిండా దూది.

"నీ పేరు లేయా ఎంట్విసిల్," అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. "పదమూడేళ్ల లేయా ఎంట్విసిల్ చాపెల్ గోడ పక్కన, రెండో వరసలో పడుకుని ఉంది. మరి నువ్వెవరమ్మా?"

లేయా నాన్న వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"నేను కూడా లేయానేనండి," అంది.

మిల్లుకి జరిమానా పడింది. లేయా మళ్లీ సగం పూటకి, బడికి పోయింది. ఆ సాయంత్రం డక్‌వర్త్ నాన్నని నిలబెట్టే మాట్లాడాడు.

"నీ దొంగ కాగితం గురించి నాకు బెంగ లేదు జేబెజ్. నేను చూసీ చూడనట్టే ఉన్నాను కదా. కానీ సమాధి ఏ వరసలో ఉందో ఆయనకి చెప్పిన నోరు ఒకటుంది. నా దగ్గర ఇంకా పన్నెండు మంది పిల్లలున్నారు. ఆ నోరు ఎవరిదో నాకు కావాలి. పేరు తెస్తే మూడు జతలతోనే ఆ ఇంట్లో ఉండు. తేలేదనుకో, వేక్స్ సెలవులకి మిల్లు మూసేలోగా సామాను వీధిలో ఉంటుంది."

నాన్న ఇంటికి వచ్చి టోపీ తియ్యకుండానే కూర్చున్నాడు. కళ్లు పైకప్పు మీద నిలిపి పెదవులు కదిపాడు.

'ఆవిడే.'

'ఎలా చెబుతావు?' అంది అమ్మ, అలాగే గొంతు లేకుండా.

'రెండుసార్లు. మనం మాట్లాడుకుంటుంటే రెండుసార్లు తలుపు తోసుకుని వచ్చింది.'

'నీళ్ల కోసం వచ్చింది.'

'తీసుకెళ్లిందా?'

నేను గుర్తు చేసుకున్నాను. రెండోసారి తిర్సా కూజా పట్టుకుని వచ్చి, మా మొహాలు చూసి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగింది. కూజా ఖాళీగానే మెట్లెక్కింది. ఆ సంగతి చెప్పాను. నాన్న బల్ల మీద వేలితో ఒకసారి కొట్టాడు.

అక్కడి నుంచి ఒక్కొక్కటే బయటికి వచ్చింది. నెలకోసారి ఆవిడకి ఉత్తరం వస్తుంది. మొగుడు పోయి, పిల్లలు లేని మనిషికి రాసేదెవరు? చాపెల్‌కి మాతోనే వస్తుంది గానీ, ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే శాలువా కప్పుకుని మాయమవుతుంది. దీపాల వేళకి బూట్ల నిండా బురదతో వస్తుంది. ఎక్కడికని అడిగితే 'కాళ్లు సాగదీసుకోడానికి' అంటుంది. వారంలో ఆరు రోజులు నిలబడి పని చేసే మనిషి ఏడో రోజు కాళ్లెందుకు సాగదీసుకుంటుంది?

"ఆదివారం ఆమె సొంతం," అంది అమ్మ పైకే.

"నువ్వెందుకు ఆమె తరఫు?" అన్నాడు నాన్న.

అమ్మ పెనం మీద రొట్టె తిరగేసింది.

*

ఆ ఆదివారం నేను తిర్సా వెనకే వెళ్లాను. కొండ దారిలో బాగా వెనకబడి నడిచాను. నా చెక్క బూట్లు చప్పుడు చేస్తాయని విప్పి చేత్తో పట్టుకున్నాను. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. అదీ నాకు అనుమానంగానే అనిపించింది. ఏ తప్పూ చెయ్యనివాళ్లు అప్పుడప్పుడూ వెనక్కి చూస్తారు కదా అనుకున్నాను. చూసి ఉంటే అప్పుడూ అనుమానించేదాన్నే.

కొండ మీద పెద్ద ఇనప గేటు. గేటు దగ్గర నల్లకోటు, నల్లటోపీ పెట్టుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. తిర్సా ఒక పొట్లం, ఒక మడత కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఆవిడ వీపు నా వైపు ఉంది, ఏమందో తెలీదు. ఆయన మొహం మాత్రం నా వైపే ఉంది.

'వచ్చే వారం కూడా ఇదే వేళకి,' అన్నాయి ఆయన పెదవులు.

గేటు వెనక ఏముందో చూడాలనిపించలేదు. చూడాలని వచ్చింది చూసేశాను.

ఇంటికి వచ్చి నాన్నకి చెప్పాను. అమ్మ అక్కడే ఉంది. వింటూ వింటూ కుర్చీ వెనక భాగం పట్టుకుంది. ఏదో అనబోయి ఆగింది. అనబోయిందని నాకు తెలుసు. ఎందుకంటే పెదవులు విడివడటం చూశాను.

సోమవారం పొద్దున నాన్న ఆఫీసు గదిలోకి వెళ్లి ఒక్క పేరు చెప్పి వచ్చాడు.

*

డక్‌వర్త్ తిర్సాకి వేక్స్ సెలవుల దాకా గడువిచ్చాడు. జాలితో కాదు. ఆవిడ మగ్గాల మీద పడుగు సగంలో ఉంది. ఎక్కించిన పడుగు నేసి దించకుండా ఎవరూ వెళ్లకూడదు.

మిగిలింది పదకొండు పని దినాలు. షెడ్డులో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు. తిర్సా తల ఎత్తి ఎవరి వైపు చూస్తే వాళ్లు మొహం తిప్పుకున్నారు. గొంతు ఉన్న లోకంలో మనిషిని వెలివేసినా మాట చెవిన పడుతుంది. షెడ్డులో మొహం తిప్పితే ఇక అంతే, మాట అక్కడే చచ్చిపోతుంది. ఆ ఆడవాళ్లలో ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్లని పెట్టుకున్నవాళ్లు సగం మంది. వాళ్ల ఇళ్లూ జతల లెక్క మీదే నిలబడ్డాయి.

వీధిలో మాత్రం గొంతులు బాగానే పనిచేశాయి.

"ఏం నవోమి, పైన ఇన్‌స్పెక్టరు దొరగారికి కూడా భోజనం పంపుతున్నావా?" అని ఎదురింటి బెట్టీ పికప్ గుమ్మం తుడుస్తూ అరిచేది.

"మీ ఇంటి గోడలకి చెవులున్నాయట కదా, అద్దెకిస్తే మాకూ ఒకటివ్వండి," అని ఇంకొకామె.

అమ్మ రోజూ రెండు ఓట్స్ రొట్టెలు, గిన్నెడు టీ మేడ మెట్ల మీద పెట్టి వచ్చేది.

"ఇంకా పోషిస్తున్నావా దాన్ని?" అన్నాడు నాన్న.

"అద్దె ఇచ్చింది. రొట్టె అద్దెలోదే."

తిర్సా మగ్గాలు నా మగ్గాల పక్కనే. మూడో రోజు మగ్గం నాడెలో నూలు కండె మారుస్తుంటే ఆవిడ నా వైపు తిరగడం కంటి చివర కనపడింది.

'కెజ్జీ, నేనేం చేశానో చెప్పు.'

ఇంకా ఏదో అంది. అప్పటికే నేను మగ్గం మీదికి వంగిపోయాను. మళ్లీ అడగలేదు. నాలుగో రోజు నుంచి ఆవిడ తలే ఎత్తలేదు. నేసిన గుడ్డలో మాత్రం ఒక్క పోగు తప్పు లేదు. గుడ్డ పరీక్షించేవాడు దీపం వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

*

వేక్స్ శనివారం. ఏడాదికి ఒక్కసారి ఇంజన్ ఆగే వారం. పొగగొట్టం మీద ఆకాశం ఉతికినట్టుంది. అలవాటు కొద్దీ నాకు ఐదింటికే మెలకువ వచ్చింది. బకెట్టు తీసుకుని వీధి చివర పంపు దగ్గరికి వెళ్లాను.

నీళ్లు పట్టుకుని తిరిగి వస్తుంటే మా ఇంటి ముందు ఈనోస్ తాత కనపడ్డాడు. భుజం మీద గడ ఉంది.

మిల్లు మూసేశారు. వీధిలో ఎవర్నీ లేపాల్సిన పని లేదు. మరి ఈయనెందుకు వచ్చాడు?

బకెట్టు కింద పెట్టి గోడ పక్కకి జరిగాను. తాత వీపు నా వైపు ఉంది. పైన కిటికీలో అమ్మ. జుట్టు ఇంకా ముడి వేసుకోలేదు. పొద్దుటి వెలుగు మొహం నిండా పడుతోంది. ఆ పెదవులు నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు.

'ఇవాళ వెళ్లిపోతోంది,' అంది అమ్మ. 'సత్రంలో ఆయనకి నువ్వు చెప్పావని ఎవరికీ తెలీకూడదు. నేను చెప్పమన్నానని అసలే తెలీకూడదు.'

తాత తల అడ్డంగా ఊపాడు. ఎప్పుడూ పెదవులే కదిపే మనిషి ఈసారి గొంతు వాడాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకి తెలీదు. వీధి అంతా వినపడేలా అన్నాడు.

"తప్పు నవోమి. ఆ మనిషి ఏం చేసింది?"

అమ్మ కిటికీ మూసేసింది.

నేను లోపలికి వెళ్లేసరికి ఓట్స్ పిండి కలుపుతోంది. నాన్న ఇంకా నిద్రలో ఉన్నాడు.

"సెలవు రోజున తాత ఎవర్ని లేపడానికి వచ్చాడమ్మా?"

పిండిలో చేతులు ఆగాయి.

"చూశావా," అంది.

"చూశాను."

"మీ నాన్న గొంతు ఎత్తకూడదన్నాడు. నేను ఎత్తలేదు."

"బైబిలు మీద చెయ్యి పెట్టావు."

"పెట్టాను." చేతులకి అంటిన పిండి మెల్లగా రాల్చుకుంది. "రోజూ ఆ పిల్ల జడ టోపీలోకి దోపుతుంటే రెండో జడ కనపడేది కెజ్జీ. పేరు దానిది, కాగితం దానిది. మట్టిలో పడుకున్నదాన్ని లేపి మగ్గాల కిందికి తోలాం. అక్కడ ఒకదాన్ని పోగొట్టుకున్నాను కాబట్టి ఇక్కడ ఇంకోదాన్ని ఇస్తానని ఎవరికైనా మాటిచ్చానా? జానెడు దూరం. నువ్వు చూడలేదు."

"నాన్నకి చెప్పొచ్చు కదా."

"చెప్పాను. మొదటి రోజే చెప్పాను. ఇల్లు అన్నాడు. ఇల్లు నిజమే. ఆయనదీ తప్పు కాదు."

"మరి తిర్సా?"

అమ్మ పిండి మీద గుడ్డ కప్పింది.

"పేరు నేను చెప్పలేదు," అంది. "నువ్వూ మీ నాన్నా చెప్పారు. నేను ఊరుకున్నాను. అందులో ఏది పెద్దదో నాకు తెలీదు."

*

తిర్సా అప్పటికే వెళ్లిపోయింది. కొండ మలుపు దగ్గర అందుకున్నాను. చేతిలో ఒకే ఒక మూట.

"నువ్వు కాదని తెలుసు," అన్నాను ఆయాసపడుతూ.

"నాకు ముందునుంచే తెలుసు," అంది నడక ఆపకుండా.

"చెప్పింది ఎవరో..."

"అదీ తెలుసు. మీ అమ్మ కిటికీ పక్కనే నా కిటికీ. మీ అమ్మ మొహం నాకు కనపడదు. తాత మొహం కనపడుతుంది. 'ఏ వరస? గోడ పక్కనేనా?' అని ఆయన అడుగుతుంటే రెండు పొద్దులు చూశాను. నేను చూశానని మీ అమ్మకి అనుమానం. అందుకే టీలో పంచదార రెండు చెంచాలు వేసేది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

అప్పుడు ఆగింది.

"ఎవరికి చెప్పను? పదకొండు రోజులు ఒక్క మొహం నా వైపు తిరగలేదు. నీకు చెబుదామని మూడో రోజు మొదలెట్టాను. నువ్వు కండె మారుస్తున్నావు."

కొండ మీది గేటు గురించి, నల్లటోపీ గురించి అడిగాను. ఆవిడ మొహంలో మొదటిసారి కోపం కనపడింది.

"వెంటపడ్డావా. సరే విను. మా ఆయన చచ్చిపోలేదు. మతి పోయింది. అక్కడ పేదల ఆసుపత్రిలో పెట్టారు. పొట్లంలో పొగాకు, కాగితంలో ఆయనకి నచ్చే కీర్తన. టోపీ ఆయన అక్కడి గుమస్తా. ఎలా ఉన్నాడో డాక్టరు చెప్పింది నెలకోసారి రాసి పంపుతాడు. మతి పోయిన మొగుడున్నాడంటే నాకు గది ఎవరిస్తారు? మీ నాన్న ఇస్తాడా?"

ఇవ్వడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఇప్పుడెక్కడికి?"

"కొండవతల మిల్లుకి. పనివ్వొద్దని డక్‌వర్త్ నా పేరు రాసి పంపుతాడు, దానికైతే పేరు మార్చుకోవచ్చు. నేతగాళ్ల మాటకి ఏం చెయ్యాలో తెలీదు. పిల్లల్ని పట్టించిన మనిషని మన షెడ్డు వాళ్లు ఆ షెడ్డు వాళ్లకి సంతలో చెబుతారు. అక్కడా మొహాలు తిరిగితే ఇక నేను నెయ్యలేను కెజ్జీ. ఈ పదకొండు రోజులు ఎలా నేశానో నాకే తెలీదు."

మూట చెయ్యి మార్చుకుని వెళ్లిపోయింది.

*

సెలవు వారమంతా లెక్కలు వేసుకున్నాను. నిజం వీధిలో అంటే డక్‌వర్త్‌కి చేరుతుంది, ఇల్లు పోతుంది. షెడ్డులో అంటే చేరకపోవచ్చు. డక్‌వర్త్ లెక్కల గుమస్తాగా వచ్చి మేనేజరయ్యాడు, పెదవులు చదవడం రాదు. తన అద్దాల గదిలోంచి నాలుగు వందల మగ్గాలు చూస్తాడు గానీ ఒక్క మాటా చూడలేడు. షెడ్డులో తెలిస్తే సంతకి చేరుతుంది. సంతకి చేరితే కొండవతలికి చేరుతుంది. తిర్సాకి కావలసింది అదే.

అమ్మ పేరు మాత్రం చెప్పలేను. అందుకని ఇంకో పేరు ఆలోచించి పెట్టుకున్నాను.

సోమవారం ఇంజన్ మొదలైంది. తిర్సా మగ్గాల దగ్గర కొత్తమ్మాయి ఉంది. ఎనిమిది గంటల టీకి ముందు, బెట్టీ పికప్ తల ఎత్తిన క్షణం చూసి, నేను మగ్గం మీదినుంచి లేచాను.

'తిర్సా కాదు,' అన్నాను, పెదవులు వీలైనంత విప్పి. 'ఇన్‌స్పెక్టరుకి చెప్పించింది నేను. మా చెల్లెలి కోసం. ఆవిడకేం తెలీదు. మీ వాళ్లకి చెప్పండి.'

బెట్టీ కళ్లు చిన్నవయ్యాయి. పక్కనున్న ఆమెకి అందించింది. ఆమె ఆ పక్కామెకి. మాట వరస వెంట పరుగెత్తడం నాకు కనపడుతోంది. తర్వాత బెట్టీ నా వైపు ఒకసారి నిండుగా చూసి మొహం తిప్పేసింది. ఆమె పక్కామె తిప్పేసింది. నా వరస, అవతలి వరస, కిటికీల వరస. వీపులూ టోపీలూ తప్ప నాకేమీ మిగల్లేదు. తిర్సా దీన్ని పదకొండు రోజులు మోసింది.

వరస చివర అమ్మ ఉంది. ఆమె మొహం ఒక్కటే నా వైపు ఉంది.

అమ్మ వంగి మొదటి మగ్గం ఆపింది. తర్వాత రెండోది. పోగు తెగితేనో, నాడె ఇరుక్కుంటేనో తప్ప ఎవరూ మగ్గం ఆపరు. మూడోది ఆపింది. ఆ చప్పుడులో నాలుగు మగ్గాల లోటు చెవికి తెలీదు, కాళ్ల కింద నేలకి తెలుస్తుంది. నాలుగోది ఆగేసరికి షెడ్డులో సగం మంది ఏమైందా అని తిరిగారు. మిగతా సగం వాళ్లని చూసి తిరిగారు.

అమ్మ అందరూ తిరిగేదాకా ఆగింది. తర్వాత చిన్నపిల్లలకి చెప్పినట్టు ఒక్కొక్క మాటే చెప్పింది.

'తిర్సా కాదు. కెజ్జీ కాదు. నేను.'

నాన్న వరస మొదట్లో రెంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనా చదివాడు. చదివాక రెంచీ వైపు చూసుకున్నాడు, అదేమిటో తెలీనట్టు. పైన అద్దాల గదిలో డక్‌వర్త్ లేచి నిలబడ్డాడు. నాలుగు మగ్గాలు ఎందుకు ఆగాయని చెయ్యి ఊపి అడుగుతున్నాడు.

నాన్న ఆ గది వైపు చూడలేదు. తాపీగా నడిచి అమ్మ దగ్గరికి వచ్చాడు. అమ్మ కదల్లేదు. ఆయన వంగి మొదటి మగ్గం నడిపించాడు. రెండోది. మూడోది. నాలుగోది కాస్త మొరాయించింది, పట్టా సర్ది దాన్నీ నడిపించాడు.

అప్పటికే కొందరి మొహాలు తిరగడం మొదలైంది. నాన్న అమ్మ పక్కనే, భుజానికి భుజం ఆనించి, మొహం వాళ్లందరి వైపూ పెట్టి నిలబడ్డాడు.